పైన మంచు చూపిస్తున్నారు, కింద నేల సంగతేమిటి?

ఉత్తరాఖండ్ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి, కార్యదర్శిగారికి, పర్యాటక అభివృద్ధి మండలి అధికారులకు:



చలికాలంలో మా కొండలకు రండి అని మీరు దేశాన్నంతా పిలుస్తున్నారు. 2024 డిసెంబరులో శీతాకాల చార్‌ధామ్ యాత్ర మొదలుపెట్టారు. 2025 మార్చిలో ప్రధానమంత్రి ముఖ్‌బా, హర్షిల్ వచ్చి, ఎండ కాచుకోవడమనే అర్థంలో మీ గఢ్వాలీవాళ్లు వాడే ‘ఘామ్ తాపో’ అన్న మాటను దేశానికి పరిచయం చేసి వెళ్లారు. ఈ పిలుపులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఏటా ఆరు నెలలు గుళ్లు మూతపడి, యాత్రికుల బస్సులు ఆగిపోయి, దుకాణాలు తలుపులు వేసుకునే ఊళ్లకు చలికాలంలో కూడా నాలుగు డబ్బులు రావాలనుకోవడం న్యాయమే. నా అభ్యంతరమల్లా స్కీయింగ్ అనగానే మీరు ఔలీని ముందుకు తోస్తున్న తీరు మీద. మంచు ఫొటోలు వేసి, నందాదేవి శిఖరాన్ని వెనక నిలబెట్టి, ఇంతకన్నా మంచి చోటు ఇంకెక్కడుందని అడుగుతున్నారు. ఆ ఫొటోలో కింది అంచు ఎప్పుడూ కత్తిరించే ఉంటుంది. ఆ అంచులో జోషీమఠ్ ఉంది.

ఔలీ ఒక వాలు మాత్రమే, ఊరు కాదు. సుమారు 2,500 మీటర్ల ఎత్తు నుంచి 3,000 మీటర్లు దాటి పైకి సాగే పచ్చిక బయలు. మీ భాషలో బుగ్యాల్. వేసవిలో పశువులు మేసే ఆ బయలు మీద శీతాకాలంలో మంచు పరుచుకుంటే స్కీయింగ్ వాలు అవుతుంది. నాలుగు రోజులకు వచ్చి, రెండు రోజులు జారి, ఒక రోజు నడుములు పట్టించుకుని తిరిగి వెళ్లేవారికి ఆ వాలు, అక్కడున్న కొద్దిపాటి బసలు చాలు. కానీ ఒక చలికాలం ఉందామనుకునేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. ఇంటినుంచే ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లున్నారు, స్కీయింగ్ కోర్సుల్లో చేరి శిక్షకులు కావాలనుకునేవారున్నారు, పిల్లల పరీక్షల బెడద లేని పెద్దలున్నారు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండేవాళ్లకు అద్దె గది కావాలి, గ్యాస్ బండ కావాలి, కూరగాయల దుకాణం కావాలి, అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తట్టడానికి డాక్టరు కావాలి. ఇవన్నీ దొరికేది రోడ్డు మీద పదహారు కిలోమీటర్లు కిందికి, జోషీమఠ్‌లో. కాబట్టి ‘ఒక చలికాలం ఉండడానికి ఏ స్కీ ఊరు మేలు?’ అని ఎవరైనా అడిగితే, మీరు ఔలీ అని చెప్పే ప్రతిసారీ నిజానికి జోషీమఠ్ అనే చెబుతున్నారు. 2024లో ఆ పట్టణానికి జ్యోతిర్మఠ్ అని పేరు మారింది. నేల మాత్రం పాతదే.

ఆ నేల ఎలాంటిదో మీ దస్త్రాల్లోనే ఉంది. 1976లో అప్పటి గఢ్వాల్ కమిషనర్ ఎం.సి. మిశ్రా అధ్యక్షతన వేసిన కమిటీ, జోషీమఠ్ గట్టి రాతి మీద కట్టిన ఊరు కాదని, ఎప్పుడో జారిపడిన కొండచరియల ఇసుక, రాళ్ల గుట్ట మీద నిలబడిందని తేల్చిచెప్పింది. భారీ నిర్మాణాలు వద్దంది. వాలులో ఉన్న బండరాళ్లను తవ్వితీయడం, పేల్చడం వద్దంది. చెట్లు కొట్టవద్దంది, నీళ్లు ఎక్కడబడితే అక్కడ ఇంకకుండా సరైన కాలువలు కట్టమంది. అంతకు రెండేళ్ల ముందే, 1974 మార్చిలో, అదే లోయ ఎగువన రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె తోటి ఆడవాళ్లు చెట్లను కౌగిలించుకుని గొడ్డళ్లను ఆపారు. అంటే ఆ కొండను ముట్టుకోవద్దని శాస్త్రం తెలిసినవాళ్లూ చెప్పారు, శాస్త్రం పేరు వినని పల్లె ఆడవాళ్లూ చెప్పారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడటానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అంతస్తు మీద అంతస్తు హోటళ్లు లేచాయి. ఊరి దగ్గర్లో 520 మెగావాట్ల తపోవన్ విష్ణుగాడ్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగం తవ్వకం మొదలైంది. హేలంగ్ వైపు నుంచి బైపాస్ రోడ్డు కోసం కొండ పాదాన్ని తొలిచారు. 2011 జనాభా లెక్కల్లో 16,709 మంది ఉన్న చిన్న పట్టణం అది. బద్రీనాథ్, హేమకుండ్ యాత్రికులు, సైన్యం, పూలలోయకు వెళ్లేవాళ్లు, మీ ఔలీ అతిథులు, అందరి బరువూ దాని నెత్తినే పడింది.

2023 జనవరి మొదటి వారంలో ఆ బరువు ఫలితం బయటపడింది. ఊరి కింది భాగంలోని మార్వాడీ దగ్గర కొండలోంచి బురదనీరు ఉబికి వచ్చింది. గోడలు చీలాయి, నేల నోరు తెరిచింది, జనం చలిలో చంటిపిల్లలతో బయటికొచ్చారు. అధికారిక లెక్కలో 868 కట్టడాల్లో పగుళ్లు కనిపించాయి. వాటిలో 181 ప్రమాదకర మండలంలో ఉన్నాయన్నారు. ఉండటానికి పనికిరావన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పెట్టారు. పెళ్లికి సున్నం వేసిన గోడ మీద, కొడుకు ఎత్తు కొలిచి గీత గీసుకునే గోడ మీద, అడ్డంగా రెండు ఎర్ర గీతలు. ఒకదాని మీదికొకటి ఒరిగిన రెండు హోటళ్లను విప్పి నేలమట్టం చేయాల్సివచ్చింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ తర్వాత 2,364 కట్టడాల్ని పరిశీలిస్తే, నిశ్చింతగా వాడుకోవచ్చని తేలినవి 37 శాతమే. 42 శాతాన్ని ఇంకా లోతుగా పరీక్షించాలంది, 20 శాతం పనికిరావంది, ఒక శాతాన్ని కూల్చేయాలంది. మూడిళ్లలో రెండిళ్లకు భరోసా లేని ఊరిని చలికాలపు విడిదిగా ఏ లెక్కన ఎంచారు?

ఇక్కడ హైదరాబాదు ప్రస్తావన తేవాల్సివస్తోంది. బాలానగర్‌లో ఇస్రోవారి జాతీయ దూరసంవేదన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలు దగ్గర పెట్టుకుని జోషీమఠ్ నేలను సెంటీమీటర్లలో కొలిచారు. 2022 ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఏడు నెలల్లో సుమారు 9 సెంటీమీటర్లు మెల్లగా కుంగింది. డిసెంబరు 27 నుంచి జనవరి 8 వరకు, పన్నెండంటే పన్నెండు రోజుల్లో, 5.4 సెంటీమీటర్లు దిగిపోయింది. కుంగిన ప్రాంతంలో పట్టణం నడిబొడ్డు ఉంది, సైనిక హెలిప్యాడ్ ఉంది, నరసింహస్వామి ఆలయం ఉంది. ఆ కుంగుబాటు నెత్తి ఎక్కడుందని చూశారో మీకు గుర్తుచేయాలి. జోషీమఠ్ నుంచి ఔలీకి పోయే రోడ్డు దగ్గర, 2,180 మీటర్ల ఎత్తున. అంటే మీరు అతిథుల్ని కారెక్కించి పంపే దారి ఆ జారుడుకు నడినెత్తిన మొదలవుతోంది. ఇంతకన్నా సూటిగా మీ శాఖకు రాసిన ఉత్తరం ఇంకేం ఉంటుంది? నరసింహస్వామి విగ్రహం ఎడమచేతి మణికట్టు ఏటేటా సన్నబడుతోందని, అది విరిగిన రోజున కొండలు కలుసుకుని బద్రీనాథ్ దారి మూసుకుపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. అహోబిలం, సింహాచలం, యాదగిరిగుట్టల్లో అదే స్వామికి మొక్కే తెలుగువాళ్లకు ఈ కథ చెప్పగానే ఒళ్లు జలదరిస్తుంది. నమ్మకం సంగతి నమ్మకానిది. ఉపగ్రహం మణికట్టు చూడదు, నేల చూస్తుంది. ఆ రెండు కథలూ ఒకే వీధిలో కలవడం మాత్రం ఆలోచించదగ్గ విషయం.

ఆ కొలతలు జనం చేతికొచ్చిన తర్వాత జరిగిందేమిటి? 2023 జనవరి 13న జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, అనుమతి లేకుండా ఎవరూ పత్రికలతో మాట్లాడవద్దని, సామాజిక మాధ్యమాల్లో వివరాలు పెట్టవద్దని సంస్థలన్నిటికీ రాసింది. మరుసటి రోజుకు బాలానగర్ నివేదిక వెబ్‌సైట్‌లో కనపడలేదు. ఎనిమిది సంస్థలు ఆ కొండను తవ్వి, కొలిచి, తడిమి రాసిన నివేదికలు కూడా సీల్డ్ కవర్లలో ఉండిపోయాయి. వాటిలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నివేదిక కూడా ఉంది. దాచాల్సిన కారణం మాకు కనపడడం లేదని 2023 సెప్టెంబరులో మీ హైకోర్టే అంటే తప్ప అవి బయటికి రాలేదు. జనం భయపడతారని దాచామంటారు. ఇంట్లో కాలు పెడితే గోడ చీలి కనపడుతున్నవాడికి, ఆ చీలిక ఎన్ని సెంటీమీటర్లో తెలిస్తే కొత్తగా వచ్చే భయం ఏముంటుంది? భయం ఆ ఇంటివాడికి కాదు, గది బుక్ చేసుకోబోయేవాడికి కలుగుతుందని కదా మీ బెంగ?

అదే 2023లో, స్విట్జర్లాండ్‌లోని గ్రౌబుండెన్ ప్రాంతంలో బ్రియెంజ్ అనే చిన్న ఊరి వెనక కొండ వేగంగా జారసాగింది. చుట్టుపక్కలంతా పేరున్న స్కీ ప్రదేశాలే, పర్యాటకమే బతుకు. వంద మంది కూడా లేని ఆ ఊరి గురించి స్థానిక పాలకులు ఎప్పటికప్పుడు ప్రకటనలు ఇచ్చారు. కొండలో ఏ భాగం ఎంత వేగంగా కదులుతోందో, ఎప్పుడు ఖాళీ చేయాలో, ఎవరైనా చదువుకునేలా చెప్పారు. మే 12 నాటికి ఊరు ఖాళీ అయింది. జూన్ 15 రాత్రి రాళ్ల గుట్ట దూకి బడి దగ్గరికొచ్చి ఆగింది. ఒక్క ప్రాణం పోలేదు. అలా నిజం చెప్పినందుకు స్విట్జర్లాండ్‌కు స్కీయింగ్‌కు వెళ్లేవాళ్లు తగ్గారా? అక్కడ ప్రమాద పటాలు రంగులతో గీసి పెడతారు. ఎరుపు వేసిన చోట కొత్త ఇల్లు కట్టనివ్వరు. మన దగ్గర ఎరుపు ఇల్లు కట్టి, కాపురం ఉండి, గోడ చీలిన తర్వాత వస్తుంది.

పర్యాటకాన్ని ఎందుకు నిందిస్తారు, సొరంగం తవ్వింది మేం కాదు, బైపాస్ వేసింది మేం కాదు అని మీరు అనవచ్చు. సగం ఒప్పుకుంటాను. కుంగుబాటుకు కారణం ఏదన్న మీద వాదోపవాదాలు నడిచాయి. తమ సొరంగానికీ దీనికీ సంబంధం లేదని ప్రాజెక్టు కట్టే సంస్థ ఆది నుంచీ చెబుతూ వచ్చింది. ఆ పేచీ తేల్చే పని మీది కాదు, నాది కాదు. కానీ మీ వాటా ఒకటుంది. అది నీళ్లు. వదులు మట్టి, రాళ్ల గుట్టలో నీరు ఇంకితే లోపల పట్టు జారుతుంది. ఈ సంగతి మిశ్రా కమిటీ పెద్ద చదువులు చదివినవాడికి, ఆరో తరగతి చదివినవాడికి ఒకేలా అర్థమయ్యేట్టు చెప్పింది. ఊరిలో చాలా భాగానికి భూగర్భ డ్రైనేజీ లేక, ఇళ్ల మురుగూ హోటళ్ల మురుగూ ఇంకుడు గుంతల్లోకే పోతూ వచ్చాయి. స్నానానికి నాలుగు చెంబులు వాడే ఇల్లొకటి, గదిగదికీ గీజరు, షవరు ఉన్న హోటలొకటి. రెండూ ఒకే గుంతలోకి ఒకే మోతాదులో పోస్తాయా? ఆ హోటళ్లను నమోదు చేసేది మీరు. 2018 నుంచి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో హోమ్‌స్టేలకు రాయితీలిచ్చి ప్రోత్సహిస్తున్నది మీరు. నమోదు కాగితంలో గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అని అడుగుతారు కదా, ఆ మరుగుదొడ్డి నీరు ఎటు పోతుందని అడిగారా? నేల నివేదిక జతచేయమన్నారా?

నీళ్ల మాట వచ్చింది కాబట్టి పైకి వెళ్దాం. ఔలీ వాలు మీద ఒక కృత్రిమ సరస్సు ఉంది. మంచు సరిగా పడని ఏడాది నీళ్లు చిమ్మి మంచు తయారుచేసే యంత్రాలకు అది ఆధారం. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన రోజుల్లో ఈ యంత్రాల గురించి గొప్పగా చెప్పుకున్నారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య గుర్తింపు ఉన్న వాలని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. సరే, 2023 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన పోటీలు మంచు లేక రద్దయ్యాయి, అప్పుడు ఆ యంత్రాలు ఏం చేశాయి? 2025 జనవరి ఆఖరున పెట్టుకున్న జాతీయ శీతాకాల క్రీడల్ని మంచు చాలకే వాయిదా వేశారు, అప్పుడేం చేశాయి? యంత్రం మంచు చేయాలన్నా గాలి చల్లగా, పొడిగా ఉండాలి. చలే తగ్గిపోతే డబ్బు పోసినా మంచు రాదు. మంచు వచ్చిందే అనుకుందాం, అప్పుడు ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. కుంగుతున్న ఊరికి సరిగ్గా ఎగువన నీళ్లు నిలవచేసి, వాలంతా చిమ్మి, వేసవిలో కరగనివ్వడం ఆ కింది మట్టికి మంచిదా చెడ్డదా అని ఏ సంస్థ చేతనైనా లెక్క వేయించారా? వేయిస్తే ఆ కాగితం బయట పెట్టండి. వేయించకపోతే, కొత్త యంత్రాల మాట ఎత్తే ముందు వేయించండి. 2019 జూన్‌లో అదే బుగ్యాల్ మీద దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక ధనిక కుటుంబం పెళ్లి వేడుకలు చేస్తే, చెత్త ఎత్తడానికి, జరిగిన నష్టానికి మూడు కోట్లు డిపాజిట్ కట్టించింది హైకోర్టు. పచ్చిక బయలును పెళ్లి పందిరిగా ఇవ్వకూడదని కూడా కోర్టులు చెప్పాలా?

రోప్‌వే సంగతి మరీ విచిత్రం. జోషీమఠ్ నుంచి ఔలీకి దాదాపు నాలుగు కిలోమీటర్ల తీగ దారి. ఆసియాలో పెద్దవాటిలో ఒకటని మీ కరపత్రాల్లో చదివాం. 2023 జనవరిలో దాని మొదటి టవరు దగ్గర నేల చీలడంతో ఆపారు. ఆపడం సరైన పనే. అది ఆగిన తర్వాత నెలలు గడిచి ఏళ్లయ్యాయి. ఒక చిన్న సంగతి ఆలోచించండి. పర్యాటకులు కూర్చునే పెట్టె వేలాడే టవరు కింద పగులు కనిపిస్తే, ఎంత డబ్బు పోతున్నా రోజుల్లో దాన్ని మూసేశారు. ఆ టవరుకు పక్కన అదే నేలమీద నిలబడ్డ ఇళ్లలో మనుషులు మాత్రం చాలామంది అలాగే కాపురం ఉన్నారు. ఒకే మట్టికి రెండు కొలతలు ఎలా వచ్చాయి?

ఇక అన్నిటికన్నా గట్టి అభ్యంతరం స్థానికుల బతుకుతెరువుది. ఔలీ పేరు చెడగొడితే జోషీమఠ్‌లో టీ కొట్టువాడు, స్కీలు అద్దెకిచ్చే కుర్రాడు, టాక్సీ డ్రైవరు, వంటమనిషి ఏం తినాలి అని అడుగుతారు. అడగాల్సిందే. దూరాన కూర్చుని ఊళ్లు ఖాళీ చేయండని రాయడం తేలిక. అందుకే ఔలీని మూసేయమని నేను ఈ లేఖలో ఎక్కడా అనడం లేదు. భారత–టిబెట్ సరిహద్దు పోలీసుల పర్వతారోహణ, స్కీయింగ్ శిక్షణ సంస్థ అక్కడ ఉంది, ఆ వాలు మీద నేర్చుకున్నవాళ్లు దేశానికి అవసరం. నా వాదన ఒకటే. ఆ టీ కొట్టువాడిని చూపించి మీరు ప్రచారం చేస్తున్నారు, ఆ టీ కొట్టువాడి ఇంటికి మాత్రం భరోసా ఇవ్వడం లేదు. స్కీ ఊరు అంటే ఆ ఊళ్లో పనిచేసేవాడు ఆ ఊళ్లోనే నిర్భయంగా నిద్రపోగలగాలి. ఇది ఎక్కడో పుస్తకంలో మాట కాదు. కెనడాలో విస్లర్ అనే స్కీ పట్టణం 1997లోనే ఇందుకోసం ప్రత్యేకంగా గృహ సంస్థ పెట్టుకుంది. పనిచేసేవాళ్లలో కనీసం 75 శాతం మంది ఊళ్లోనే ఉండాలని లక్ష్యం రాసుకుంది. సెలవుల్లో నాలుగు రోజులు వచ్చి పోయేవాళ్ల ఇళ్లే ఊరిని నింపేస్తున్నాయని స్విట్జర్లాండ్ ప్రజలు 2012 మార్చిలో ఓటు వేసి, ఏ ఊళ్లోనూ అలాంటివి 20 శాతం మించకూడదని చట్టం తెచ్చుకున్నారు. వాళ్లకు వచ్చిన చిక్కు అద్దెలు పెరగడం, మనకు వచ్చిన చిక్కు నేల తరగడం. చిక్కులు వేరైనా అక్కడ కొలబద్ద స్థానికుడి ఇల్లు. మీ కొలబద్ద ఏమిటి, మంచు మందమా?

2023 నవంబరులో కేంద్రం జోషీమఠ్ పునర్నిర్మాణానికి 1,658 కోట్ల రూపాయల ప్రణాళిక ఆమోదించింది. అందులో వెయ్యి కోట్లకు పైగా జాతీయ విపత్తు నిధి నుంచి వచ్చేవే. ఆ డబ్బులో గుంటూరు మిర్చి రైతు కట్టిన పన్ను ఉంది, వరంగల్ చిరు వ్యాపారి కట్టిన పన్ను ఉంది. తెలుగు పత్రికలో కూర్చుని ఉత్తరాఖండ్ కొండ గురించి మీకెందుకని ఎవరైనా అడిగితే, మొదటి జవాబు అదే. రెండోది, బద్రీనాథ్ దారిలో ఏటా మావాళ్ల బస్సులు ఆగే ఊరు అది. గుడి మూసిన నెలల్లో శంకరాచార్యుల గద్దె వచ్చి ఉండేది ఆ నరసింహాలయంలోనే. మూడోది, ఆ నేల కొలిచినవాళ్లు మా ఊరివాళ్లు, వాళ్ల కాగితం తీసేయించారు. ఇంతకీ ఆ 1,658 కోట్లలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని కుటుంబాలకు పక్కా ఇల్లు దొరికింది, ఎన్ని కిలోమీటర్ల డ్రైనేజీ పడింది? ఇది మీ శాఖ లెక్క కాదనకండి. ఔలీకి పిలిచే నోటితోనే ఆ లెక్క కూడా చెప్పాలి. అతిథిని భోజనానికి పిలిచిన ఇల్లాలు పొయ్యి సంగతి మా అత్తగారిని అడగండి అంటుందా?

ఔలీ కాకపోతే మరి ఎక్కడికి వెళ్లమంటారు అని కూడా అడుగుతారు. నిజమే, మన దేశంలో నిష్కళంకమైన స్కీ ఊరు చూపించడం కష్టం. గుల్మార్గ్‌లో గండోలా అనే తీగ దారి 3,900 మీటర్లు దాటి తీసుకెళుతుంది, వాలు అద్భుతం. కానీ అదీ ఊరు కాదు, పనివాళ్లు కింద తంగ్‌మార్గ్ నుంచి ఎక్కి రావాలి. 2024 జనవరిలో అక్కడ గడ్డి తేలి కనపడింది, 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు కోసం మార్చి దాకా కాచుకున్నాయి. మనాలి నిజమైన ఊరే, బజారూ ఆస్పత్రీ ఉన్నాయి, సోలాంగ్ వాలు దగ్గర. అయితే 2023 జూలైలో బియాస్ పొంగి ఆ రోడ్లను ఎలా మింగిందో అందరం చూశాం. కాబట్టి ఏది గొప్పదని పందెం వేయడం నా ఉద్దేశం కాదు. హిమాలయమంతా కదిలే కొండే అయినప్పుడు, ఏ చోట ఎంత కదులుతోందో చెప్పే రాష్ట్రమే నమ్మదగిన రాష్ట్రం. ఒక చలికాలం ఎక్కడ ఉండాలో ఎంచుకునేవాడికి మంచు అంగుళాల కన్నా ముందు కావలసింది ఆ నిజాయితీ. మూడు ప్రాంతాల్లో ఆ పని మొదట ఎవరు చేస్తే జనం వాళ్ల దగ్గరికే వెళ్తారని మీకెందుకు తోచడం లేదు? మీ దగ్గర ఇప్పటికే కొలతలున్నాయి, నివేదికలున్నాయి, 1976 నుంచి హెచ్చరికలున్నాయి. ఇంత సరంజామా మిగతావాళ్లకు లేదు. దాన్ని మచ్చగా చూసి దాస్తున్నారు గాని, ముందుకు పెడితే అదే మీ బలం.

మిమ్మల్ని కోరేది ఇంతే. రాబోయే చలికాలానికి ఔలీ ప్రకటన ఇచ్చే ముందు, 2023లో ఎనిమిది సంస్థలు ఇచ్చిన నివేదికల్ని హిందీలో, ఇంగ్లిషులో సామాన్యుడికి అర్థమయ్యే సారాంశాలతో మీ వెబ్‌సైట్‌లోనే పెట్టండి. జోషీమఠ్‌లో మీరు నమోదు చేసిన ప్రతి హోటలు, ప్రతి హోమ్‌స్టే పేరుకు ఎదురుగా ఆ కట్టడాన్ని పరీక్షించి ఏ తరగతిలో వేశారో రాయండి. మురుగు ఎటు పోతుందో చెప్పలేని కొత్త కట్టడానికి నమోదు ఆపండి. సరస్సు, మంచు యంత్రాల మీద నేల శాస్త్రజ్ఞుల అభిప్రాయం తీసుకుని ప్రకటించండి. వీటిలో దేనికీ వందల కోట్లు అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి కోసం ఏళ్లు కాచుకోవాల్సిన పనీ లేదు.

చివరగా ఒక్క అంకె. ఔలీ రోడ్డు దగ్గర 2,180 మీటర్ల ఎత్తున కుంగుబాటు మొదలైన ఆ చోట గడచిన నెలలో నేల ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో, ఈ రోజు ఉష్ణోగ్రత వేసినట్టే, మంచు ఫొటో పక్కన ప్రతి నెలా వేయండి. ఆ అంకె సున్నా అయితే మీకన్నా ఎక్కువగా మేమే ప్రచారం చేస్తాం. అది కనిపించేదాకా, ఒక చలికాలం ఉండడానికి ఔలీ మంచి చోటని తెలుగు పాఠకులకు నేను చెప్పను.

ఇట్లు,
ఒక తెలుగు పత్రికా రచయిత